పేలుళ్ళు కనిపెట్టే పెట్టె

దబ్బనం సగం దిగి ఆగిపోయింది. దస్తగిరి అరచేతికి కట్టుకున్న తోలుముక్కను సర్దుకుని మళ్ళీ నెట్టాడు. పట్ట పాతది. మడత దగ్గర అతుకు మీద అతుకు పడి చెక్కలా బిరుసెక్కింది. వడ్లు మోసే లారీ మీద కప్పే టార్పాలిన్ అది, ఏటా వానలకు ముందు వచ్చి పడుతుంది. అసలు గుడ్డ కంటే అతుకులే ఎక్కువయ్యాయని దస్తగిరికీ తెలుసు, లారీ ఓనరుకూ తెలుసు. ఆయన కొత్తది కొనడు, ఈయన కొనమనడు. ఇద్దరికీ అలా అలవాటైపోయింది.

నంద్యాల లారీ స్టాండు వెనక సందులో, రేకుల పందిరి కింద, నేలంతా పరిచిన పట్ట మధ్యలో కూర్చుని కుడతాడు దస్తగిరి. సన్నటి మనిషి. కూర్చుని కూర్చుని మోకాళ్ళు నల్లగా కాయలు కాచాయి. కనుబొమల మీద ఎప్పుడూ దారపు నూగు ఉంటుంది. పాదాలు మాత్రం ఒంటికి మించి పెద్దవి, వేళ్ళు ఎడమెడంగా, మడమలు పగిలి ఉంటాయి. పట్ట మీద ఆయన చెప్పులతో అడుగు పెట్టడు. చెప్పు కింద చిన్న రాయి ఇరుక్కుని ఉన్నా గుడ్డకు చిల్లు పడుతుంది, ఆ చిల్లు వాన పడిననాడు గానీ కనబడదు. పని నేర్పిన మేస్త్రీ ఈ సంగతి ఒకసారి నోటితోనూ ఒకసారి మెడ మీద చేత్తోనూ చెప్పాడు. అప్పటినుంచి పట్ట అంచున చెప్పులు విడవడం కాళ్ళకే వచ్చేసింది, మనసుతో పని లేదు. అవి టైరు చెప్పులు. ఎడమదానికి పట్టీ తెగితే పట్టలు కుట్టే ఆకుపచ్చ దారంతోనే కుట్టుకున్నాడు. సందులో ఎవరికైనా దస్తగిరి కావాలంటే లోపలికి తొంగి చూడరు, అంచున చెప్పులున్నాయా అని చూస్తారు. చెప్పులుంటే మనిషి ఉన్నట్టే.

ఆ పొద్దున ఛాతీలో మంటగా ఉంది. రాత్రి తిన్న వంకాయ పులుసు మీదికి నెట్టేశాడు తప్పును. ఎడమ భుజం నుంచి మోచేతి దాకా లాగుతోంది. అది పట్టను బిగించి పట్టుకునే చెయ్యి, ఏళ్ళ తరబడి లాగుతూనే ఉంది, కాబట్టి దాని మాట ఎవరూ వినరు. టీ తెచ్చిన భార్య హమీదాబీ మాత్రం ఆయన మొహం చూసి, గ్లాసు ఇవ్వకుండా నిలబడింది.

"మళ్ళా చెమట పడతాండాదే."

"ఎండ."

"ఎండ యాడుంది, ఇంగా పొద్దే ఎక్కలే. సాయంత్రం డాక్టరు కాడికి పోదాం. నేనూ వస్తా."

"పోదాంలే."

"పోదాంలే అని పోయినోడివి కాదు నువ్వు."

"ఈ పొద్దు పోదాం, సరేనా," అన్నాడు. అప్పుడు ఇచ్చింది గ్లాసు.

టీ సగంలో ఉండగా ఫోను మోగింది. బెలూనువాళ్ళు.

హైదరాబాదులో బెలూన్లు వదిలే కేంద్రం ఒకటి ఉంది. ఏటా ఎండలు ముదిరేలోపు అక్కడినుంచి గుడి గోపురం కంటే పెద్ద బెలూన్లు పైకి పోతాయి, విమానాలు తిరిగే ఎత్తు దాటి ఇంకా ఎంతో పైకి. బెలూను కింద ఒక పెట్టె వేలాడుతుంది, దాన్నిండా యంత్రాలు. పని అయ్యాక పైనే తాడు తెగేట్టు చేస్తారు. పెట్టె పారాచూటు గొడుగు విప్పుకుని, గాలి ఎటు తోస్తే అటు దిగుతుంది. గాలి చాలాసార్లు ఈ వైపే తోస్తుంది. దిగిన గొడుగును కంపల్లోంచి చిరగకుండా తీసి మడవడానికి, పెట్టెను తాళ్ళతో బిగించి బండికెక్కించడానికి ఇక్కడొక మనిషి కావలసి వచ్చాడు. ఎవరో దస్తగిరిని చూపించారు. అప్పటినుంచి పిలుస్తూనే ఉన్నారు. ఉద్యోగం కాదు, పిలిస్తే పోతాడు. అవుకు చెరువులో పడితే పుట్టిలో పోయాడు. బేతంచెర్లలో పాలిష్ బండల దొంతర మీద పడితే బండలన్నీ దించి మళ్ళీ పేర్చి వచ్చాడు.

నిజానికి గుడ్డ మడవడం ఆ పనిలో తేలిక. కష్టమంతా మాటతోనే. ఆకాశం నుంచి ఊడిపడిన వస్తువును ఏ ఊరివాళ్ళూ ఊరికే వదులుకోరు. అందుకని దస్తగిరి ఒక ఊళ్ళో అది వానల కోసం పంపిన పెట్టె అన్నాడు. ఇంకో ఊళ్ళో కలెక్టరుగారి సామాను అన్నాడు. కొలిమిగుండ్ల దగ్గర, ముట్టుకున్నవాళ్ళకు దద్దుర్లు లేస్తాయని కూడా చెప్పాడు. ఎవరికి ఏ మాట చెబితే చేతులు వదులుతారో జనాన్ని చూడగానే తెలిసిపోయేది. అబద్ధాలే, కానీ ఎవరికీ చెరుపు చేయని అబద్ధాలు. ఈ మధ్య ఆ మాటలు కూర్చుకోవాలంటేనే విసుగొస్తోంది.

"యాడ పడిందంట?" అని హమీదాబీ అడిగింది.

"ఆళ్ళగడ్డ అవతల. సాయంత్రానికల్లా వచ్చేస్తా."

"నేను చీర మార్చుకోని తయారుగా ఉంటా. బేగా రా," అని ఖాళీ గ్లాసు తీసుకుని వెళ్ళిపోయింది. దస్తగిరి పట్ట దిగి చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు.

బొలెరో బండి నంద్యాలదే. డ్రైవరు రాజరత్నం ఎరిగినవాడు. ముగ్గురూ ముందు సీట్లోనే కూర్చున్నారు. మధ్యలో కూర్చున్న అమ్మాయి పేరు సౌజన్య. ఈసారి పెట్టె ఆమెది. కేంద్రంవాళ్ళు పైకి పంపిపెడతారు, కానీ లోపలి యంత్రం ఆమే, ఆమెతోటివాళ్ళే కొన్నేళ్ళుగా కూర్చుకున్నారట. నిన్నటినుంచి బెలూను వెంట కారులో, బస్సులో, ఏది దొరికితే అందులో వస్తోంది. కళ్ళజోడు వెనక కళ్ళు ఉబ్బి ఉన్నాయి. జుట్టు రబ్బరు బ్యాండులోంచి సగం జారిపోయింది.

"ఈసారి ఏం చూడ్డానికి పంపినారు మేడమ్?" అని అడిగాడు దస్తగిరి. తెలుసుకోవాలని కాదు. ఆమె గోళ్ళు కొరుక్కుంటోంది, అది చూడలేక.

"పేలుళ్ళండీ. ఆకాశంలో పేలుళ్ళు," అంది సౌజన్య, శిరివెళ్ళ దాకా చెబుతూనే ఉంది. మనం లెక్కపెట్టలేనంత దూరంలో ఒక పెద్ద నక్షత్రం చచ్చిపోతుంది. పోతూ పోతూ ఒక్క మెరుపు మెరుస్తుంది, కొన్ని క్షణాలే. అది కంటికి కనబడే వెలుగు కాదు. మన చుట్టూ ఉన్న గాలి దాన్ని కిందికి రానివ్వదు. అందుకని గాలి పలచబడే ఎత్తుకు పెట్టెను పంపి, కాచుకుని ఉండాలి. ఎప్పుడొస్తుందో తెలియదు, ఏ దిక్కు నుంచో తెలియదు. వస్తే వచ్చినట్టు.

"అది చచ్చి శానా నాళ్ళయింటాదా?"

"భూమి పుట్టకముందే చచ్చిపోయి ఉండొచ్చు. కబురు మాత్రం ఇప్పుడు అందుతుంది."

"నయమే," అన్నాడు దస్తగిరి. "మాకు పక్క వీధిలో పోయినా మూడోనాటికి గానీ తెలీడంల్యా."

రాజరత్నం నవ్వాడు. ఆమె నవ్వలేదు. పైన ఉన్నప్పుడే సంకేతాలు ఆగిపోయాయని, పెట్టె ఏం చూసిందో, అసలేమైనా చూసిందో లేదో, అంతా దాని కడుపులోనే ఉందని చెప్పింది. పడినప్పుడు మూత విరిగిందేమోనని ఆమె భయం. నీళ్ళు దిగితే ఇక ఏమీ మిగలదు. మళ్ళీ ఒకటి చేసుకోనిస్తారన్న నమ్మకం లేదు. దస్తగిరి కిటికీలోంచి తూర్పుకు చూశాడు. నల్లమల మీద మబ్బు పట్టి ఉంది.

నల్లవాగుపల్లె చేరేసరికి మధ్యాహ్నం దాటింది. మామూలుగా వాళ్ళు పోయేసరికి పెట్టె చుట్టూ తిరనాళ్ళు జరుగుతుంటాయి, పిల్లలు దాని మీదెక్కి ఉంటారు. ఇక్కడ మాత్రం ఊరంతా గట్టు మీద నిలబడి ఉంది, ఒక్కరూ దిగలేదు. శనగ పీకేసిన నల్లరేగడి చేను, కాలు దిగేంత నెర్రెలు విచ్చి ఉంది. చేనంతా నున్నగా ఉండి ఒక మూల మాత్రం అడవిలా ఉంది. సీమకంప, నడుమెత్తు ఎండుగడ్డి. ఆ కంపల మీద కాషాయరంగు గొడుగు పరుచుకుని, దాని అంచు ఒకటి గట్టు దాకా వచ్చి పడి ఉంది. అవతలి చివర బీరువా అంత పెట్టె ఒరిగిపోయి ఉంది. మూత ఒక పక్క నోరు తెరిచింది.

చేను సంజీవయ్యది. ముసలాయన, కర్ర పట్టుకుని నిలబడ్డాడు. కుడి పాదానికి ముందు సగం లేదు, మిగిలిన సగానికి ట్యూబు రబ్బరు చుట్టుకున్నాడు.

"ఎవరూ ముట్టుకోలేదు కదండీ?" అంది సౌజన్య.

"యాడ ముట్టుకుంటారమ్మా. పేలుళ్ళు కనిపెట్టే పెట్టె, దగ్గరికి పోవద్దని పొద్దున సర్పంచికి ఫోన్లో నువ్వే చెప్తివంట గదా." సంజీవయ్య కర్రతో మూల వైపు చూపించాడు. "ఇన్ని చేండ్లుండాయి. యాడా పడకుండా వచ్చి ఆన్నే పడింది. కనిపెట్టే పడింది."

"ఆ పేలుళ్ళు కాదండీ. ఇవి ఆకాశంలోవి."

"ఆకాశంలో ఎవరు పెడతారమ్మా బాంబులు?"

ఎవరూ నవ్వలేదు. దస్తగిరికి అప్పుడు అర్థమైంది, ఆ అమ్మాయి పొద్దున ఫోనులో ఎంత పని చేసిందో. పేలుడు అన్న మాటకు ఈ సీమలో ఒకటే అర్థం. ఒకప్పుడు ఆ ఊళ్ళో రెండు వర్గాలుండేవి. నాటుబాంబులు చుట్టి, ఇంట్లో దాచుకోలేక, ఎవరి చేనైతే ఏమిలే అని రాత్రికి రాత్రి పాతిపెట్టారు. సంజీవయ్య అప్పుడు కుర్రవాడు. ఆ మూల దున్నుతుంటే నాగలి కర్రుకు ఒకటి తగిలింది. ఒక ఎద్దు అక్కడే పోయింది, ఈయన పాదం సగం పోయింది. ఇంకెన్ని ఉన్నాయో పాతినవాళ్ళకే తెలియాలి. వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు పోయారు, చెప్పకుండానే పోయారు. ఆనాటి నుంచి ఆ మూలకు మనిషి పోలేదు. కంపే దున్నుకుంటోంది దాన్ని.

 సౌజన్య పోలీసులకు చెబుదామని ఫోను తీసింది. సంజీవయ్య కర్ర అడ్డం పెట్టాడు.

"పోలీసోళ్ళొస్తే తవ్వుతారు. ఒక్కటి బయటపడినా ఎవరి చేన్లో అంటారు. పాతినోడు పోయినాడు, నేనుండా గదా కేసుకు. వద్దు తల్లీ. ఆ పెట్టె ఆన్నే ఉండనీ."

"వాన వస్తుందండీ. తడిస్తే మాకు..."

"మాకూ వానే గదమ్మా కావల్సింది," అన్నాడు ముసలాయన నెమ్మదిగా. తర్వాత ఆమెను వదిలేసి దస్తగిరి వైపు తిరిగాడు. "నువ్వు ఈ పనిలో ముదిరినోడివంట. నువ్వు చెప్పప్పా. పెట్టె ఏమంటాది? ఉండాయా, లేవా? లేవంటే లేవని చెప్పు. ఈ పొద్దే కంప కొట్టించి దున్నుకుంటా. నీ పెట్టె నువ్వు ఎత్తుకపో."

ఆయన కోడలు గాయత్రి అప్పటికే కొడవలి పట్టుకుని గట్టు దిగువకు వచ్చి నిలబడింది. మామ ఊ అంటే నరకడానికి. ముప్పై లోపు వయసు, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని ఉంది, ఆమె కాళ్ళకు చెప్పులు కూడా లేవు.

లేవు అనడానికి ఎంతసేపు? ఇలాంటి మాటలు దస్తగిరి ఎన్ని చెప్పలేదు. ఊరంతా ఆ ఒక్క మాట కోసమే చూస్తోంది. సౌజన్య కూడా ఆయన వైపు చూసింది. ఆయన ఏమనగలడో ఆమెకూ తెలిసినట్టుంది, వద్దని అనలేదు, చూపు మాత్రం దించేసుకుంది. పాపం, ఆమె తప్పేముంది, కొన్నేళ్ళ చాకిరీ అక్కడ నోరు తెరుచుకుని పడి ఉంది. దస్తగిరి గాయత్రి పాదాల వైపు చూశాడు. మెట్టెల చుట్టూ రేగడి మట్టి అంటుకుని ఉంది. తన మాట పట్టుకుని ముందు నడిచేవి ఆ పాదాలే. మాట నోటి దాకా వచ్చి అక్కడే కూర్చుంది.

"పెట్టెకు తెలీదప్పా," అన్నాడు. "అది శానా దూరానివి చూసేది. కాళ్ళ కింద ఉండేటివి దానికి కనబడవు."

ఊళ్ళవాళ్ళ ముందు నిలబడి ఆయన చెప్పిన మొదటి నిజం బహుశా అదే. ఒక్కరూ నమ్మలేదు. దాస్తాండాడు అని వెనకనుంచి ఎవరో అన్నారు. ఉండాయి గాబట్టే చెప్పడంల్యా అని ఇంకెవరో అన్నారు. అబద్ధాలన్నీ చెల్లి, ఉన్న ఒక్క నిజమూ చెల్లకపోయేసరికి దస్తగిరికి ఎక్కడలేని నీరసం వచ్చింది. గట్టు మీద కూర్చోవాలనిపించింది.

తూర్పు గాలి తిరిగింది. దుమ్ము లేచింది. గొడుగు గుడ్డ కంపల మీద ఒకసారి ఉబ్బి పడింది.

"వదిలేద్దాం దస్తగిరి గారూ," అంది సౌజన్య. "తడిస్తే తడవనీ. మనుషుల కంటే ఎక్కువ కాదు." మంచి మాట అది, మనస్ఫూర్తిగానే అంది. కానీ అంటుంటే గడ్డం వణికింది. ఆయన అది చూశాడు. ఇటు చూస్తే సంజీవయ్య కర్ర మీద వాలి ఆ మూలనే చూస్తున్నాడు, జన్మంతా అలా చూస్తూ గడిపినవాడిలా.

దస్తగిరి బండిలోంచి తాడు చుట్ట తీసి భుజాన వేసుకున్నాడు. గట్టు మీదికి వచ్చాడు. గొడుగు అంచు కాలికి తగిలింది. గుడ్డ కనబడగానే కాళ్ళు వాటి పని అవి చేశాయి. చెప్పులు గట్టు మీద వదిలి, కంపల సందున గడ్డి అణిగిన చోట గుడ్డ మీద అడుగు పెట్టాడు.

"దస్తగిరి గారూ!" అని సౌజన్య ఒక్క కేక వేసింది.

"వద్దప్పా, రా," అన్నాడు సంజీవయ్య. 

భయం వేసింది. వేయలేదని ఎవరన్నా అంటే అది ఆయనను ఎరగని మాట.  సాయంత్రం హమీదాబీ చీర మార్చుకుని తయారై ఉంటుందన్నది ఒక్కటే గుర్తొచ్చింది. గుడ్డ కింద ఏముందో కనబడదు. కానీ జీవితమంతా గుడ్డ మీదే నడిచిన పాదాలవి, కింద ఉన్నది వాటికి తెలుస్తూనే ఉంది. ఇది మట్టిగడ్డ. ఇది కంప మోడు. ఇది నెర్రె. గుండ్రంగా ఏదో తగిలింది. కాలు అక్కడే ఆగింది. చాలాసేపు ఆగింది. కొంచెం కొంచెంగా బరువు తీసేశాడు. బొటనవేలితో తడిమాడు. రాయి. పక్కనుంచి పోయాడు. ఛాతీలో మంట ఇప్పుడు మంటలా లేదు, ఎవరో మోకాలు పెట్టి అదుముతున్నట్టుంది. ఇది కూడా భయమే అనుకున్నాడు.

పెట్టె దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, ముందు తన పైగుడ్డ తీసి విరిగిన మూత మీద కప్పి కట్టాడు. గొడుగు తాళ్ళు కోసి విడదీశాడు. పెట్టె చట్రానికి తాడు వేసి, లారీవాళ్ళు సరుకుకు వేసే ముడి వేశాడు, లాగేకొద్దీ బిగిసేది. గొడుగును చుట్టుకుంటూ, తాడు వదులుకుంటూ, తను వచ్చిన దారినే వెనక్కి వచ్చాడు. ఈసారి గుడ్డ చేతుల్లో ఉంది, కాళ్ళ కింద మట్టి. గట్టు ఎక్కాక తాడు కొస ఊరివాళ్ళు తెచ్చిన ట్రాక్టరుకు కట్టారు. నడిపేవాడు తప్ప అందరూ గట్టు వెనక పడుకున్నారు. ట్రాక్టరు కదిలింది, పెట్టె గడ్డిని అణచుకుంటూ, ఆయన నడిచిన జాడలోనే ఈడ్చుకుంటూ వచ్చి, గట్టు దాటి రోడ్డెక్కింది. ఏమీ పేలలేదు.

చినుకులు మొదలయ్యాయి. జనం పెట్టె ఎత్తి బండిలో పెట్టడానికి సాయం పట్టారు. దస్తగిరి రోడ్డు మీద గొడుగు పరిచి, ఉత్తకాళ్ళతో దాని మీద తిరుగుతూ మడత తర్వాత మడత పెట్టాడు. చేతులు చల్లబడ్డాయి, చినుకులనుకున్నాడు. సంజీవయ్య కుంటుకుంటూ దగ్గరికి వచ్చాడు.

"లేనట్టేనా అయితే?"

"నేను నడిచిన కాడ లేవు. పెట్టె ఈడ్చిన కాడ లేవు. మిగతాది నాకు తెలీదు. నీకూ తెలీదనే అనుకో."

ముసలాయన గడ్డిలో పడిన బాటను తేరిపార చూశాడు. ఒక నాగలి పట్టేంత వెడల్పు ఉంది. "ఆ మాత్రం చాల్లే," అన్నాడు. "ఆ మాత్రం చెప్పినోడు ఇంతవరకూ లేడు." దస్తగిరి భుజం మీద చెయ్యి వేయబోయి, ఎందుకో ఆగి, చేతికర్రనే ఇటునుంచి అటు మార్చుకున్నాడు.

బండి ఆళ్ళగడ్డ ఊరు దాటాక గానీ దస్తగిరి తన కాళ్ళ వైపు చూసుకోలేదు. పని అయ్యాక పట్ట అంచు దిగితే చెప్పులుంటాయి. ఈసారి గొడుగు గుడ్డ రోడ్డు మీదికి వచ్చింది, చెప్పులు రాలేదు.

"చెప్పులు ఆన్నే మర్చిపోతి."

"వెనక్కి తిప్పమంటావా అన్నా?" అన్నాడు రాజరత్నం.

"ఇంగ యాడ తిప్పుతావు. పోనీ. సాయంత్రం డాక్టరు కాడికి పోవాల."

"ఎవరికి?"

"నాకే. గ్యాస్."

తలుపుకు తల ఆనించాడు. వాన తెరలు తెరలుగా అద్దానికి కొడుతోంది. సౌజన్య పెట్టెలోంచి తీసిన చిన్న డబ్బీని ఒళ్ళోని ల్యాప్‌టాపుకు తగిలించి, వంగి చూస్తోంది.  తెర మీద ఒక గీత చేనిగడ్డిలా చిన్నచిన్నగా ఎగుడుదిగుడుగా పోతూనే ఉంది, గంటల కొద్దీ గీత. ఒకచోట అది ఒక్కసారి నిటారుగా లేచి పడిపోయింది. ఆమె వేళ్ళు ఆగాయి. వెనక్కి జరిపి మళ్ళీ చూసింది.

"దొరికింది," అంది. "దస్తగిరి గారూ. ఒకటి దొరికింది."

ఆయన కళ్ళు తెరిచి తెర వైపు చూశాడు. "యాడిదంట?"

"ఇంకా తెలీదు. చాలా చాలా దూరం."

"పోనీలే. ఎవురో ఒకరు చూసినారు దాన్ని," అని కళ్ళు మూసుకున్నాడు.

సౌజన్యకు ఇక మాట ఆగలేదు. ఎన్నాళ్ళు పట్టిందో ఆ పెట్టె చేయడానికి, ఎన్నిసార్లు ఊడదీసి బిగించారో, తనకు ఎన్నిసార్లు ఇది వదిలేసి పోదామనిపించిందో, అన్నీ చెప్పింది. ఆయన లేకపోతే ఈ గీత లేదని చెప్పింది. బాంబులు లేవన్న అబద్ధం ఆయనతో చెప్పించాలని ఒక క్షణం తనకు అనిపించిందని కూడా, కాస్త గొంతు తగ్గించి చెప్పింది. ఆయన వింటున్నాడనే అనుకుంది. శిరివెళ్ళ దగ్గర నిద్రపోయాడనుకుని గొంతు ఇంకా తగ్గించింది. నంద్యాల పొలిమేరలో వాన వెలిసింది.

రాజరత్నం సందు మొగలో బండి ఆపాడు. పొద్దు ఇంకా పూర్తిగా పోలేదు. హమీదాబీ చీర మార్చుకుని, చేతిలో సంచితో, రేకుల పందిరి ముందు నిలబడి ఉంది. పొద్దున సగం కుట్టిన పట్ట వెనక పరిచే ఉంది, దబ్బనం దానికే గుచ్చి ఉంది.

"అన్నా, దిగు. ఇల్లొచ్చింది," అన్నాడు రాజరత్నం.

హమీదాబీయే వచ్చి తలుపు తీసింది. ఆమె ముందుగా చూసింది మొహం కాదు. మట్టి కొట్టుకుని, కంపముళ్ళు గీరుకుని, వేళ్ళు ఎడమెడంగా ఉన్న ఆ పెద్ద పాదాలను చూసింది.

"చెప్పులేవీ?" అని అడిగింది ఆయన్ను.

నల్లవాగుపల్లెకు ఆ కబురు ఎవరూ చేరవేయలేదు. సౌజన్య దస్తగిరి ఖననం దాకా ఉండి, పెట్టెతో హైదరాబాదు వెళ్ళిపోయింది. రాజరత్నానికి ఆ వైపు మళ్ళీ బాడుగ తగల్లేదు. ఆ వానకు రేగడి మెత్తబడింది. పదును ఆరకముందే సంజీవయ్య నాగలి కట్టించాడు. మిగతా మూలను ముట్టుకోలేదు. పెట్టె ఈడ్చిన బాట వెంబడే, అంతే వెడల్పున, గట్టు నుంచి కంపల మధ్యదాకా దున్నించాడు. పోతున్నంతసేపూ కర్ర పట్టుకుని పక్కనే నడిచాడు. ఎన్నేళ్ళ తర్వాతో ఆ మూలలో కొత్త మట్టి పైకి తిరిగింది, అది చూసి ఆయనకు ఏడుపొచ్చింది, కోడలు చూస్తుండగానే ఏడ్చాడు.

దారికి అడ్డమని గాయత్రి గట్టు మీద చెప్పులు తీయబోయింది.

"ఉండనీమ్మా," అన్నాడు సంజీవయ్య. "ఆయప్ప వస్తాడు. చెప్పుల కోసమన్నా రావల్ల గదా."

ఆమె వాటిలో నిలిచిన వాననీళ్ళు వంపేసి, ఎక్కడివక్కడే పెట్టింది. ఆకుపచ్చ దారంతో పట్టీ కుట్టిన ఆ చెప్పుల జత, దున్నిన చాలు మొదట్లో, కంపమూల వైపు తిరిగి, ఇప్పుడే ఎవరో విడిచి లోపలికి వెళ్ళినట్టు ఉంది.